24 బిట్ అని రాసి ఉన్న ఫైల్‌లో నిజంగా ఎన్ని బిట్లున్నాయి?

మీ దగ్గర రెండు ఆల్బమ్‌లు ఉన్నాయి. ఒకటి 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, అంటే శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి (ఒక్కో కొలత ఒక శాంపిల్), ఒక్కోదాన్ని 24 బిట్లలో రాసినది. రెండోది 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. రెండూ ఫ్లాక్ ఫైళ్లే, అంటే ఏమీ పోగొట్టకుండా కుదించినవి. ప్లేయర్‌లో చూసినా, ఫైల్ ప్రాపర్టీస్‌లో చూసినా 24 అనే కనిపిస్తోంది. మీ స్నేహితుడు మాత్రం "అవి సీడీ నుంచి తీసినవే, వెనక సున్నాలు తగిలించి హై రిజల్యూషన్ అని అమ్మారు" అంటున్నాడు. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో గీసి చూపే స్పెక్ అనే ప్రోగ్రామ్‌లో బొమ్మ బాగానే ఉంది. మరి అసలు బిట్ డెప్త్ (ఒక్కో శాంపిల్‌కి వాడిన బిట్లు) ఎంతో ఎలా తేల్చాలి? ఇదీ మీ ప్రశ్న.

సూటి జవాబు ముందు చెప్పేస్తాను. ప్లేయర్ చూపించేది ఫైల్ హెడర్‌లో రాసి ఉన్న అంకె. లోపల ఏముందో అది చూడదు. స్పెక్ బిట్ డెప్త్ గురించి ఏమీ చెప్పదు. సాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో స్టాట్స్ అనే ఆదేశం ఉంది. అది ప్రతి శాంపిల్‌నీ చదివి, నిజంగా వాడిన బిట్లు ఎన్నో లెక్కపెట్టి చెబుతుంది. సీడీలో ఉండేది 16 బిట్లే. కాబట్టి 24 బిట్ ఫైల్‌కి అక్కడ 16 అని వస్తే మీ స్నేహితుడి మాట నిజం, ఇక వాదన అక్కర్లేదు. 24 అని వస్తే మాత్రం ఇంకా ఏమీ తేలనట్టే. ఈ పరీక్ష నకిలీని పట్టుకోగలదు గానీ, అసలుదని సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఈ సంగతి తెలియక రెండు వైపులా తప్పు తీర్పులిచ్చేవాళ్లని చాలామందిని చూశాను. మొదట్లో నేనూ ఇచ్చాను. మాస్టరింగ్ (విడుదలకి ముందు పాటకి చివరి మెరుగు పెట్టడం) పనిలో ఉన్నాను కాబట్టి రోజూ ఎవరో ఒకరి ఫైల్ ఇలా విప్పి చూడాల్సిందే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సున్నాలు తగిలించడం అంటే ఏమిటి

బల్ల పొడవుని సెంటీమీటర్లు మాత్రమే ఉన్న టేపుతో కొలిచారనుకోండి. 87 వచ్చింది. దాన్ని 870 మిల్లీమీటర్లు అని కూడా రాయొచ్చు. తప్పు లేదు, కానీ కొలత మిల్లీమీటరు దాకా వెళ్లలేదు. ఇలాగే వంద బల్లలు కొలిచి పట్టిక రాస్తే అన్ని అంకెలూ సున్నాతోనే ముగుస్తాయి. పట్టిక చూసినవాడికి ఎవరూ చెప్పకుండానే సంగతి అర్థమైపోతుంది.

ఆడియోలోనూ ఇంతే. 16 బిట్లలో మొత్తం 65,536 మెట్లు. 24 బిట్లలో 1,67,77,216. అంటే 16 బిట్ల ఒక్కో మెట్టు మధ్యలో 256 చిన్న మెట్లు వస్తాయి. 16 బిట్ ఫైల్‌ని ఊరికే 24గా సేవ్ చేస్తే ప్రతి శాంపిల్ విలువా శేషం లేకుండా 256తో భాగించబడేదే అవుతుంది, కింది 8 బిట్లు ఎప్పుడూ సున్నాయే. లక్షల శాంపిళ్లలో ఒక్కటి కూడా తప్పకుండా అలా ఉంటే అది యాదృచ్ఛికం అయ్యే ప్రసక్తే లేదు.

సాక్స్ చూసేది సరిగ్గా దీన్నే. కమాండ్ లైన్‌లో సాక్స్ అని రాసి, ఫైల్ పేరు ఇచ్చి, అవుట్‌పుట్ ఫైల్ అవసరం లేదని చెప్పడానికి మైనస్ ఎన్ పెట్టి, చివర స్టాట్స్ అని రాయాలి. వచ్చిన పట్టికలో బిట్ డెప్త్ అనే వరుస చూడండి. మధ్యలో గీతతో రెండు అంకెలుంటాయి. మీకు కావలసింది కుడివైపు అంకె. ఆ అంకె కంటే కింద ఉన్న బిట్లన్నీ సున్నా అని దాని అర్థం. ఎడమవైపు అంకె పాట ఎంత గట్టిగా ఉందన్న దానికి సంబంధించింది. ఒకాయన నిదానమైన వయొలిన్ రికార్డింగ్ పంపి, "21/24 అని వస్తోంది, మూడు బిట్లు ఎవరో మింగేశారు" అని గొడవపెట్టుకున్నాడు. ఆ ఫైల్ పీక్ (అన్నిటికంటే గట్టి చోటు) గరిష్ఠ స్థాయికి 20 డెసిబెల్స్ కింద, అంటే మైనస్ 20 దగ్గర ఉంది. ఒక్కో బిట్ సుమారు 6 డెసిబెల్స్. పై మూడు బిట్ల ఎత్తుకి సంగీతం ఎక్కనేలేదు, అంతే. ఫైల్ శుభ్రంగా ఉంది.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మరో ఉచిత ప్రోగ్రామ్‌లో ఎ స్టాట్స్ అనే ఫిల్టర్ కూడా ఇదే పని చేస్తుంది. కమాండ్ లైన్ అంటే చిరాకు పడేవాళ్లకి బిట్ మీటర్ ప్లగిన్లున్నాయి. స్టిల్‌వెల్ ఆడియో వాళ్ల బిట్టర్ ఉచితం. పాట నడుస్తుండగా ఏ బిట్లు కదులుతున్నాయో దీపాల వరుసలా చూపిస్తుంది. ఒక్క జాగ్రత్త: ప్లగిన్‌కి ముందు వాల్యూమ్ ఫేడర్ సున్నా డెసిబెల్స్ దగ్గరే ఉండాలి, ఇంకే ఎఫెక్టూ ఉండకూడదు. ప్రాజెక్ట్ శాంపిల్ రేట్ ఫైల్ రేటుకి సమానంగా ఉండాలి. లేదంటే మీరు చూసేది మీ సాఫ్ట్‌వేర్ పుట్టించిన బిట్లు.

ఏ టూలూ లేకుండా ఒక అంచనా

ఫ్లాక్‌లో ఒక చక్కని ఏర్పాటుంది. ఒక బ్లాక్‌లోని శాంపిళ్లన్నిటికీ కింది బిట్లు సున్నా అయితే ఎన్‌కోడర్ ఆ సంగతి గమనించి, "ఇన్ని బిట్లు వృథా" అని ఒకచోట రాసుకుని, వాటిని అసలు దాచుకోదు. అందువల్ల సున్నాలు తగిలించిన 24 బిట్ ఫ్లాక్ సైజు, దాని 16 బిట్ ఫ్లాక్ సైజుతో దాదాపు సమానం. నిజంగా కింది 8 బిట్లలో ఏదో ఉంటే అది ఎక్కువగా గరగరలాంటి శబ్దమే. గరగర కుదించడానికి లొంగదు. 44.1 స్టీరియోకి ఆ 8 బిట్ల బరువు సెకనుకు సుమారు 705 కిలోబిట్లు. 96కి అయితే 1,536.

కాబట్టి 24 బిట్, 44.1 ఫ్లాక్ ఫైల్ సగటు బిట్‌రేట్ 800 అని కనిపిస్తే, అందులో గట్టిగా వాయించే వాద్యాలు కూడా ఉంటే, నాకు వెంటనే అనుమానం వస్తుంది. 1,500 దాటితే కింద ఏదో ఉందని అర్థం. ఆ ఏదో అసలు సంగీతమా, కాదా అన్నది వేరే విషయం, దాని దగ్గరికి వస్తాను. ఫ్లాక్ కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌లో అనాలిసిస్ ఆప్షన్ ఉంది. ఏ బ్లాక్‌లో ఎన్ని బిట్లు వృథా అయ్యాయో అది వరసగా రాసి ఇస్తుంది. మామూలుగా అంత లోతుకి పోనక్కర్లేదు.

ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్ ఒక్కటే తెలిసినవాళ్లు నల్ టెస్ట్ చేయొచ్చు. ట్రాక్‌ని కాపీ చేసి, కాపీ ఫార్మాట్‌ని 16 బిట్‌కి మార్చి, దాన్ని ఇన్వర్ట్ (తలకిందులు) చేసి, రెండిటినీ కలపాలి. కింది బిట్లు ఖాళీ అయితే మిగిలేది పూర్తి నిశ్శబ్దం. ఏదైనా మిగిలితే కింద ఏదో ఉన్నట్టు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆడాసిటీ తనంతట తానే డిథర్ కలుపుతుంది. డిథర్ అంటే బిట్లు తగ్గించేటప్పుడు కావాలని కలిపే సన్నని గరగర. ప్రిఫరెన్సెస్‌లో డిథర్‌ని 'ఏమీ వద్దు' అని మార్చకుండా చేసిన నల్ టెస్ట్ పనికిరాదు. ఖాళీ ఫైల్‌లోనూ ఆ డిథర్ మిగిలి, నిండుగా ఉందని భ్రమ కలిగిస్తుంది. సాక్స్‌తో బిట్లు తగ్గించినా ఇదే గొడవ. అక్కడ పెద్ద డి ఆప్షన్ పెడితే డిథర్ ఆగుతుంది.

24 వచ్చినా ఎందుకు నమ్మకూడదు

ఇప్పుడు అసలు సంగతి. టేపు పోలికకే వెళ్దాం. సెంటీమీటర్లలో కొలిచిన పట్టికని ఎవరో 0.89తో గుణించారనుకోండి. 870 కాస్తా 774.3 అయింది. చివరి సున్నా పోయింది. కానీ కొలత మెరుగుపడిందా? లేదు. ఆడియోలో వాల్యూమ్ ఒక్క డెసిబెల్ తగ్గిస్తే జరిగేది అచ్చంగా ఇదే. 16 బిట్ సరుకులో ప్రతి శాంపిల్‌నీ 0.891తో గుణిస్తే కింది 8 బిట్లూ రకరకాల అంకెలతో నిండిపోతాయి. సాక్స్ నిజాయితీగా 24 అని చెబుతుంది. అది అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నే చాలలేదు.

వాల్యూమే కాదు. ఈక్వలైజర్, లిమిటర్, రెవర్బ్, శాంపిల్ రేట్ మార్పు, ఫేడ్, వీటిలో ఏది చేసినా లెక్కంతా దశాంశాల్లో నడిచి కింది బిట్లు నిండుతాయి. ఇవేవీ మోసం కోసమే చేస్తారని కాదు. పాత 16 బిట్ మాస్టర్‌ని తెచ్చి కొత్తగా రీమాస్టర్ చేసేటప్పుడు ఇవన్నీ మామూలుగా జరిగేవే. ఫలితాన్ని 24లో ఇవ్వడం కూడా సరైన పద్ధతే, మళ్లీ 16కి కోయడం వల్ల వచ్చే నష్టం తప్పుతుంది. ఆ ఫైల్ 24 బిట్ రీమాస్టర్ అనడంలో తప్పులేదు. 24 బిట్ రికార్డింగ్ అంటేనే అబద్ధం.

ఫేడ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నేనొకసారి తప్పు సమాధానం ఇచ్చాను. ఒక మిత్రుడు పది పాటల ఆల్బమ్ పంపాడు. తొమ్మిదింటికి 16 వచ్చింది, ఒకదానికి 24. "ఆ ఒక్కటీ అసలుది" అని రాసేశాను. తర్వాత ఎందుకో మనసు ఒప్పక ఆ పాటని ముక్కలుగా చూశాను. చివరి పదిహేను సెకన్లు తప్ప మిగతాదంతా 16. ఆ పాటకి చివర ఫేడవుట్ ఉంది, దాన్ని 24 బిట్‌లో పెట్టారు. ఆ కాస్త ముక్కలో కింది బిట్లు నిండాయి, దాంతో ఫైల్ మొత్తానికీ 24 అనే ఫలితం వచ్చింది. సాక్స్ ఫైల్ అంతటికీ ఒకే తీర్పు ఇస్తుంది మరి. ఒక్క శాంపిల్‌లో ఒక్క బిట్ కదిలినా చాలు. అప్పటి నుంచి పాట మధ్యలోంచి ఒక అర నిమిషం కోసి దాన్ని విడిగా చూడకుండా ఏమీ చెప్పను. సాక్స్‌లో స్టాట్స్‌కి ముందు ట్రిమ్ అని పెట్టి, మొదలయ్యే సెకను, నిడివి ఇస్తే సరిపోతుంది.

వాల్యూమ్ మార్పు దాచిన 16 బిట్‌ని కూడా పట్టుకోవచ్చు. బల్లల పట్టికలో చివరి సున్నాలు పోయినా ఖాళీలు పోలేదు కదా. 774.3 తర్వాత వచ్చే అంకె 783.2. మధ్యలో ఏ అంకే ఎప్పుడూ రాదు. అలాగే ఒక్క డెసిబెల్ తగ్గించిన 16 బిట్ సరుకులో శాంపిల్ విలువలు సుమారు 228 మెట్లకొకటి చొప్పున మాత్రమే ఉంటాయి. హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చూపే బొమ్మ) గీస్తే దువ్వెనలా కనిపిస్తుంది. పళ్లు, మధ్యలో ఖాళీలు.

పైథాన్ వచ్చినవాళ్లు దీన్ని నాలుగు వరుసల్లో చేయొచ్చు. సౌండ్‌ఫైల్ లైబ్రరీతో చదివి, నమ్‌పైతో ఒక ఛానల్‌లో వేర్వేరు విలువలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నాలుగు నిమిషాల పాటలో 44.1 దగ్గర ఒక్కో ఛానల్‌కి కోటికి పైగా శాంపిళ్లుంటాయి. అన్ని శాంపిళ్లలోనూ వేర్వేరు విలువలు 65,536 దాటకపోతే అది 16 బిట్ సరుకే, మీద ఏ వాల్యూమ్ పూత పూసినా సరే. నిజమైన 24 బిట్‌లో గట్టి పాటకి ఆ లెక్క లక్షల్లోకి పోతుంది. వాల్యూమ్ మార్చాక సన్నగా డిథర్ కూడా కలిపితే పళ్లు కాస్త మందమవుతాయి, వేర్వేరు విలువల లెక్క 65,536 దాటొచ్చు, కానీ హిస్టోగ్రామ్‌ని దగ్గరగా చూస్తే దువ్వెన ఇంకా ఉంటుంది. ఇంకో చిన్న మాట: సౌండ్‌ఫైల్ 24 బిట్‌ని 32 బిట్ పూర్ణాంకాలుగా చదివేటప్పుడు పైకి జరుపుతుంది, కింది 8 బిట్లు ఎలాగూ సున్నా అవుతాయి. అది చూసి "దొరికాడు దొంగ" అనుకోకండి. వేర్వేరు విలువల లెక్కకి దానివల్ల తేడా రాదు.

ఈక్వలైజర్, రెవర్బ్, రీశాంప్లింగ్ జరిగితే దువ్వెన కూడా చెరిగిపోతుంది. అక్కడి నుంచి లెక్కలతో పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

మీ 96 ఆల్బమ్ సంగతి

ఇక్కడ మీ స్నేహితుడి మాటకి ఒక చిన్న సవరణ. సీడీ 44.1 కిలోహెర్ట్జ్. దాన్ని 96కి మార్చాలంటే మధ్యలో కొత్త శాంపిళ్లు లెక్కగట్టి పుట్టించాలి. ఆ లెక్కలోనే కింది బిట్లు నిండిపోతాయి. కాబట్టి 96 ఫైల్ సీడీ నుంచి వచ్చినా సాక్స్‌లో సాధారణంగా 24 అనే వస్తుంది, సున్నాలు కనిపించవు. ఈ ఆల్బమ్‌కి బిట్ల పరీక్ష కంటే మీరు పక్కన పెట్టిన స్పెక్కే ఎక్కువ ఉపయోగం. శాంపిల్ రేటులో సగం దాకే శబ్దం పడుతుంది కాబట్టి, సీడీ నుంచి వచ్చినదైతే 22 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయి, పైన 48 దాకా నల్లగా ఉంటుంది. వాద్యాల పై స్వరాలు 22 దాటి సన్నగా కరిగిపోతూ కనిపిస్తే సీడీ అయ్యే అవకాశం చాలా తక్కువ.

బొమ్మ బాగానే ఉందన్నారు, కానీ బాగుండటం అంటే మీరు ఏమి చూశారో చెప్పలేదు. 22 పైన ఏమైనా ఉందా? ఉంటే అది పాటతో పాటు కదులుతోందా, లేక ఎప్పుడూ ఒకేలా పొగలా ఉందా? పాటతో సంబంధం లేకుండా 25 పైన పొగ క్రమంగా చిక్కబడుతుంటే అది డీఎస్‌డీ నుంచి వచ్చి ఉండొచ్చు. సూపర్ ఆడియో సీడీలో వాడేది ఆ పద్ధతే, సెకనుకు 28,22,400 సార్లు ఒక్కొక్క బిట్. అక్కడ 16, 24 అన్న లెక్కే లేదు. మామూలు శాంపిళ్ల పద్ధతికి (పీసీఎంకి) మార్చాక బిట్లన్నీ నిండుగా కనిపిస్తాయి.

ఎంపీ3, ఏఏసీ కూడా ఇంతే. వాటిలో శాంపిళ్లు నేరుగా ఉండవు, ఫ్రీక్వెన్సీల లెక్కలుంటాయి. వాటికి బిట్ డెప్త్ అనేదే లేదు. ఎవరైనా ఎంపీ3ని 24 బిట్ ఫ్లాక్‌గా మార్చి ఇస్తే సాక్స్‌లో 24 వస్తుంది, దువ్వెనా దొరకదు. స్పెక్‌లో మాత్రం 128 కిలోబిట్లదైతే 16 కిలోహెర్ట్జ్ దగ్గర, 320దైతే 20 దగ్గర కోత కనిపిస్తుంది. అంటే స్పెక్, సాక్స్ ఒకదానికొకటి పోటీ కాదు. ఒకటి వదిలేసిన దొంగని రెండోది పట్టుకుంటుంది.

నిజమైన 24 అంటే ఎంత

కోపం తెచ్చుకోకండి గానీ, నిజంగా 24 బిట్ల సమాచారం ఉన్న సంగీత రికార్డింగ్ ఎక్కడా లేదు. 24 బిట్లంటే సిద్ధాంతం ప్రకారం 144 డెసిబెల్స్. శబ్దాన్ని అంకెలుగా మార్చే మంచి కన్వర్టర్లు ఇచ్చేది 120 నుంచి 130 మధ్య, అంటే 20, 21 బిట్లు. అంతకంటే కింద ఉన్నది సర్క్యూట్‌ల సొంత గరగర. మైక్రోఫోన్ గరగర, గది గరగర లెక్కలోకి తీసుకుంటే ఇంకా తగ్గుతుంది. పాత అనలాగ్ టేపుల సంగతి చెప్పనే అక్కర్లేదు. నాయిస్ రిడక్షన్ లేని టేపులో 70 డెసిబెల్స్ దొరికితే గొప్ప. అది 12 బిట్లకి సరిపోతుంది. అలాంటి టేపుని 24 బిట్‌లో ఎక్కిస్తే ఫైల్ నిజాయితీగా 24 బిట్టే, కింది బిట్లన్నీ టేపు హిస్సుతో నిండి ఉంటాయి. దాన్ని నకిలీ అనడానికి వీల్లేదు.

దీనికి వ్యతిరేకంగా, కొన్ని రికార్డింగులు 16 బిట్ దాటే అవకాశమే లేదు. 1972లో డెనాన్ వాడిన డిజిటల్ రికార్డర్ 13 బిట్లది. 1987లో వచ్చిన డాట్ అనే డిజిటల్ టేపు 16 బిట్లది. ఏడాట్ అనే డిజిటల్ మల్టీట్రాక్ రికార్డర్ మొదటి తరం కూడా 16. ఒక ఆల్బమ్ చివరి మిక్స్ డాట్ మీదే ఉందని కవర్ మీది వివరాల్లో రాసి ఉంటే, దాని 24 బిట్ ఫైల్ ఎంత నిండుగా కనిపించినా మాస్టర్‌లో ఉన్నది దాదాపు ఎప్పుడూ 16 బిట్లే. రికార్డింగ్ ఏ యంత్రం మీద జరిగిందో తెలుసుకోవడం చాలాసార్లు అన్ని టూల్స్ కంటే గట్టి సాక్ష్యం. అందుకే నేను మొదట ఆల్బమ్ పుస్తకం తిరగేస్తాను, ఆ తర్వాతే సాక్స్.

నిశ్శబ్దంగా ఉన్న చోటు కూడా కొంత చెబుతుంది. పాట మొదలయ్యే ముందు, లేదా ఫేడవుట్ చివర, సంగీతం లేని అర సెకను కోసి దాని స్థాయి చూడండి. 16 బిట్‌కి డిథర్ వేసినప్పుడు గరగర మైనస్ 93 నుంచి మైనస్ 96 మధ్య ఉంటుంది, మీటర్ లెక్కగట్టే పద్ధతిని బట్టి. అక్కడ మైనస్ 110 కనిపిస్తే, అది ఫేడ్ వల్ల తగ్గింది కాకపోతే, 16 బిట్ దశ గుండా వచ్చి ఉండదు. మైనస్ 80 కనిపిస్తే ఏమీ తేలదు. గది గరగర అన్నిటినీ కప్పేసింది, అంతే.

సాక్స్‌లో కుడివైపు 20 వస్తే కంగారు పడకండి. 1990లలో 20 బిట్ కన్వర్టర్లు మామూలే. 1995లో వచ్చిన హెచ్‌డీసీడీ అనే సీడీ పద్ధతిని డీకోడ్ చేసినా 20 బిట్లే వస్తాయి. ఎంక్యూఏ అనే ఫార్మాట్ ఫైళ్లయితే తిరకాసు. వాటి కింది బిట్లలో మడిచి దాచిన డేటా ఉంటుంది. బిట్లు కదులుతాయి, అది నేరుగా సంగీతం కాదు.

32 బిట్ ఫ్లోట్ (శాంపిళ్లని దశాంశాలుగా దాచే ఫార్మాట్) గురించి ఒక్క మాటతో సరిపెడతాను. అందులో కచ్చితత్వం ఎలాగూ 24 బిట్లే, మిగతావి పరిమాణం చెప్పే 8 బిట్లు. దాని మీద ఈ పరీక్షల ఫలితాలు చదవాలంటే జాగ్రత్తగా ఉండాలి.

మీ సొంత రికార్డింగులూ చూసుకోండి

నకిలీ అనగానే అమ్మినవాడి మీదే అనుమానం పోతుంది. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఎక్కువ కేసులు పొరపాట్లే. ఒక గాయని తన ఇంటి స్టూడియోలో ఏడాది పాటు 24 బిట్‌లో రికార్డ్ చేశానని నమ్మింది. ఇంటర్‌ఫేస్ 24 బిట్ది, ప్రాజెక్ట్ 24 బిట్ది. ఫైళ్లన్నీ 16. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఆ పరికరం 16 బిట్ దగ్గర ఉండిపోయింది. పైగా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోని పాత ఎంఎంఈ దారిలో తీసుకుంటోంది. విండోస్ సెట్టింగ్స్‌ని దాటి నేరుగా పరికరంతో మాట్లాడే ఆసియో డ్రైవర్‌కి మార్చాక మరుసటి టేక్‌లోనే 24 కనిపించింది. ఇంకొకరి మిక్స్‌లో పాటంతా 24, ఒక్క కోరస్ ట్రాక్ 16. ఎవరో ఆ ట్రాక్‌ని బయటికి 16లో ఎక్స్‌పోర్ట్ చేసి, పిచ్ సరిచేసి వెనక్కి తెచ్చారు. మిక్స్ ఫైల్‌ని ఎన్నిసార్లు పరీక్షించినా ఇది బయటపడదు, విడి ట్రాకులు చూస్తేనే దొరుకుతుంది.

రికార్డ్ చేసేటప్పుడు ఆ 8 బిట్లు నిజంగా అక్కరకొస్తాయి. లెవెల్ తక్కువగా పెట్టి భయం లేకుండా పాడొచ్చు. వినడానికి మాత్రం సరిగ్గా డిథర్ వేసిన 16 బిట్, అసలు 24 మధ్య తేడా మామూలు వాల్యూమ్‌లో నేనైతే చెవితో చెప్పలేను. మీ డబ్బు, మీ అనుమానం న్యాయమైనవే. కానీ చెవికి బాగుందా లేదా అన్నది మాస్టరింగ్ మీద ఆధారపడుతుంది. మంచి మాస్టరింగ్ ఉన్న 16 బిట్ సీడీ, నలిపేసిన 24 బిట్ రీమాస్టర్ కంటే ఎన్నో రెట్లు హాయిగా ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఇది. 44.1 ఆల్బమ్‌లో ఫేడ్ లేని ఒక గట్టి పాట తీసుకుని, మధ్యలోంచి ముప్పై సెకన్లు కోసి సాక్స్ స్టాట్స్ నడపండి. కుడివైపు 16 వస్తే అదే విషయాన్ని స్క్రీన్‌షాట్‌తో అమ్మినవాళ్లకి రాయండి. ఏ పాట, ఎన్నో సెకను నుంచి ఎన్నో సెకను దాకా అన్నది కూడా చెప్పండి, వాళ్లు అదే పరీక్ష చేసుకోగలగాలి. 24 వస్తే వేర్వేరు విలువల లెక్క చూడండి. 96 ఆల్బమ్‌కి స్పెక్ బొమ్మ ఇక్కడ పెట్టండి, 22 కిలోహెర్ట్జ్ గీత దగ్గర ఏముందో కనిపించేలా. పెట్టేటప్పుడు ఆల్బమ్ ఏ సంవత్సరం రికార్డ్ అయిందో కూడా రాయండి.